బ్రేకుల మీద నా పంతం

సోమవారం, పొద్దున

ఇవాళ్టి నుంచి మా పాత పికప్ బండి బ్రేకుల బాధ్యత నాది. మొన్న వీధి మలుపులో పెడల్ మీద కాలు ఆనించానంతే. మా ఆవిడ చేసిన పుట్టినరోజు కేకు డ్యాష్‌బోర్డుకు అతుక్కుంది. ఆవిడ అతుక్కోకపోవడం సీటుబెల్టు చలవ.

ఆదివారం ఆవిడకి మొదటి పెద్ద ఆర్డరు. ఎవరిదో పెళ్ళికి మూడంతస్తుల కేకు. అది చక్కగా చేరితే మా వంటగదిలో మొదలైన వ్యాపారం నిలబడుతుంది. లేకపోతే అక్కడితో సరి.

తమ్ముడి షెడ్డులో చూపించమంది. తమ్ముడంటే మెకానిక్కైన నా బామ్మర్ది. నేను బాగుచేసిన గోడగడియారం వెనక్కి తిరిగిందని భోజనాల దగ్గర ప్రతిసారీ చెబుతాడు. వాడి షెడ్డు గడప తొక్కేది లేదు. ఒట్టు!

సాయంత్రం

జాకీ, స్పానర్లు, గ్లౌజులు, నుదుటికి కట్టుకునే లైటు కొన్నాను. అద్దంలో చూసుకున్నాను. అచ్చం మెకానిక్కే!

మంగళవారం

బండి కింద దూరాను. వెనక ఇరుసు దగ్గర ఒక కడ్డీ ఊడి వేలాడుతోంది. దేనికో తెలీదు. వేలాడేది ఏదైనా ప్రమాదమే కదా. పైకి లాగి, మా ఆవిడ కేకు డబ్బాలకు చుట్టే బంగారు రంగు తీగతో బిగించి కట్టేశాను. చూడ్డానికి కూడా బాగుంది.

బుధవారం

మరీ అధ్వాన్నం. కాలు పెట్టగానే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి జర్రున జారింది. పాలవాడు గోడెక్కేశాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగి ఉంటాయి. విప్పి చూస్తే అరగలేదు. విప్పిన పాపానికి మార్చేశాను.

గురువారం

బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందేమో. అది తీయాలంటే పైన ఒకరు పెడల్ తొక్కుతూ వదులుతూ ఉండాలి. మా అత్తగారిని బతిమాలి కూర్చోబెట్టాను. తొక్కమంటే వదిలారు, వదలమంటే తొక్కారు. బ్రేకు ఆయిలంతా నా చొక్కా మీదే. గాలి పోయిందనే అనుకుంటున్నాను.

శుక్రవారం

నడుం పట్టేసింది. బ్రేకులక్కూడా ఒక రోజు కుదుటపడే అవకాశం ఇవ్వాలి. తమ్ముడికి ఫోన్ చేయనా అంది మా ఆవిడ. వాడికి ఈ వారం ఊపిరాడని పనట, పాపం, ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాను.

శనివారం

గెలిచాను! పక్కింటాయన గోడ కోసం బండి నిండా సిమెంటు బస్తాలు తెచ్చాను. ఎక్కడ తొక్కినా వెన్నలా ఆగింది. మొత్తానికి గాలి తీయడమే మందు. మా ఆవిడకి గర్వంగా చెప్పాను. రేపు బండిలోనే వెళ్దామంది. నన్ను నమ్మింది.

ఆదివారం, పొద్దున

బస్తాలు దింపి, బండి కడిగి, కింది అంతస్తులు వెనక ఎక్కించాం. పై అంతస్తు ఆవిడ ఒళ్ళో. మలుపులో కుక్క అడ్డొచ్చింది. పెడల్‌ని తాకానో లేదో, వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది.

మా ఆవిడ ఒక చేత్తో డబ్బాను వాటేసుకుని, ఇంకో చేత్తో తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. నాకు భయం వేసింది. కేకు గురించి కాదు.

నేనే ఫోన్ తీసి బామ్మర్దిని పిలిచాను.

సాయంత్రం

బామ్మర్ది తన వ్యానులో అక్కనీ కేకునీ చేర్చాడు. ఒక అంచు నలిగితే ఆవిడ దాన్ని గోడవైపు తిప్పి పెట్టిందట. పెళ్ళివారికి తెలియలేదు. వ్యాపారం బతికింది.

తర్వాత ఇద్దరం బండి కింద దూరాం. గంటసేపు వాడూ తెల్లమొహం వేశాడు. చివరికి, నిన్న బాగా ఆగిందని నేనంటే, అప్పుడు బండిలో ఏముందని అడిగాడు. బస్తాలన్నాను. అప్పుడు లైటు నేను కట్టిన కడ్డీ మీద వేశాడు. బరువు పెరిగి బండి వెనక భాగం కిందికి దిగితే వెనక బ్రేకులు గట్టిగా పట్టమని చెప్పేది ఆ కడ్డీయేనట. దాని స్ప్రింగు విరిగి ఊడినప్పుడే బ్రేకులు చెడ్డాయట; నేను పైకి కట్టేసరికి ఖాళీ బండి కూడా నిండుగా ఉన్నట్టే బ్రేకు పట్టుకుంటోంది.

"ఇదెవరు కట్టారు బావా?"

"పాత ఓనరు."

వాడు బంగారు తీగ విప్పి, జేబులో పెట్టుకున్నాడు. ఇక భోజనాల దగ్గర గడియారానికి సెలవు.

సోమవారం

కడ్డీకి కొత్త స్ప్రింగు పడింది. ఖాళీ బండి కూడా బుద్ధిగా ఆగుతోంది. ఒక చుట్టు తిరిగొద్దాం రమ్మన్నాను. మా ఆవిడ గుమ్మం దిగలేదు.

"బండి బాగైంది సరే. ఇంక ఏది పాడైనా మా తమ్ముడికే చూపిస్తానని మాటివ్వండి. అప్పుడు ఎక్కుతాను."

ఇచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. ఎక్కింది. మలుపులో బ్రేకు వేస్తే తలుపు పిడి పట్టుకోలేదు. వారం తర్వాత నా పక్కన నవ్వుతూ కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది.

తిరిగొస్తుంటే క్లచ్ తొక్కినప్పుడల్లా చిన్న కిర్రు. ఆవిడ నా వైపు చూసింది. నేను రేడియో పెంచాను.

కిర్రుమంటే పాడైనట్టు కాదు. రేపు ఆవిడ బజారుకెళ్ళగానే బండి కింద దూరతాను. ఎంతసేపు, అరగంట పని!