విచారణకు హాజరైన కొండ

భూముల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సదరు కొండను పేల్చి నేలమట్టం చేయుటకు తమరు ఇచ్చిన ఉత్తర్వు, తమ కార్యాలయపు రికార్డు ప్రకారం నా ఒంటిమీదికి వచ్చినందున, దానిని తక్షణం నిలుపుదల చేయుట మరియు కొండను కొండవాళ్లకే ఉంచుట గురించి.

అర్జీదారుడనైన నేను తమ కార్యాలయం మెట్ల కింద బల్ల వేసుకుని, పదిమందికీ అర్జీలు రాసిపెట్టి పొట్టపోసుకునేవాడిని. తమరు రోజూ నా నెత్తిమీదుగానే పైకి వెళతారు. ఇన్నాళ్లూ ఊరివాళ్ల ఏడుపు నా చేతిరాతలో ఏడ్చాను. సొంత ఏడుపు ఏడవడం ఇదే మొదలు. కాబట్టి భాష ఎక్కడైనా జారితే మన్నించగలరు.

మరియు నేను ఇల్లరికపు అల్లుడిని. ఇది కేసుకు సంబంధం లేని సంగతని తమరు అనవచ్చు. ఉంది. నా భార్య పుట్టిల్లు సదరు కొండ మీద ఉంది. అక్కడివాళ్లు కొండవాళ్లు. తమ శాఖ పుట్టకముందు నుంచీ, శాఖకు పేరు పెట్టినాయన తాత పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నారు. నేను కిందివాడిని. పెళ్లయి, పిల్లలు పుట్టి, నెత్తిమీద జుట్టు ఊడినా మా అత్తగారికి నేను "కింది అబ్బాయి"నే. కొండవాడన్న మాట అటుంచి, అల్లుడన్న మాట కూడా ఆవిడ నోట వినే భాగ్యం కలగలేదు.

ఇక నా బాధలు ఈ క్రింది విధంగా ఉన్నవి.

1. పోయిన ఎండాకాలంలో తమ సర్వేయరు గారు గొలుసు, గొడుగు సహితంగా కొండమీదికి విచ్చేసి, ఊరందరిలోకీ పెద్దావిడైన మా అత్తగారిని విచారించారు.

"ఈ కొండ ఎవరిదమ్మా?" అని అడిగారు.

"ఎవరిదీ కాదు నాయనా. మేమే కొండ సొత్తు" అని ఆవిడ చెప్పారు.

సర్వేయరు గారు మొదటి మాట రాసుకుని, రెండో మాట వచ్చేసరికి కలం జేబులో పెట్టుకున్నారు. తత్ఫలితంగా కొండ యజమాని లేని ఖాళీ భూమి అని నమోదైంది. ఖాళీ భూమి గనుక రాళ్ల కంపెనీకి కేటాయించబడింది. ఆ మాట రాస్తున్నప్పుడు ఆయన కూర్చున్నది మా మంచం మీద, తాగినది మా ఊట నీళ్లు, నడుం వాల్చినది మా వంటింటి నీడలో. ఖాళీ భూమిలో మంచం ఎవరు వేశారబ్బా అని ఆయనకు అనుమానం రాకపోవడం విచారకరం.

కొండవాళ్లు "నా కొండ" అనరు. అన్నవాణ్ణి చూసి నవ్వుతారు. తమ తల్లిగారు ఎవరి సొత్తని ఎవరైనా తమను అడిగితే తమరు ఏమి చెబుతారు? ఎవరి సొత్తూ కాదనే కదా. అంతమాత్రాన ఆవిడను ఖాళీగా నమోదు చేసి కంపెనీకి ఇచ్చేస్తారా? తప్పుగా అనుకోవద్దు, ఉదాహరణకు చెప్పాను.

2. పై విషయమై మేము వెంటనే ఒక అర్జీ పెట్టాము. రాసినది నేనే. "'మేమే యజమానులం' అని ఒక్క ముక్క పడేద్దామండీ, పని అయిపోతుంది" అని అత్తగారిని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. "అబద్ధమాడి గెలిస్తే కొండ ఒళ్లో ఏ మొహం పెట్టుకుని పడుకోమంటావ్?" అన్నారావిడ. నా ఉపాయమంతా గంగలో కలిసింది. యజమాని కొండేననీ, మేము దాని తాలూకు ఆస్తి అనీ ఉన్నదున్నట్టు రాశాను.

దానికి తమ కార్యాలయం నుంచి వచ్చిన సమాధానం: "యజమాని యగు కొండ స్వయముగా విచారణకు హాజరు కావలెను. లేనియెడల గైర్హాజరుగా భావించి ఉత్తర్వులు జారీ చేయబడును."

ఆ నోటీసును కొండకు అందజేయుటకు తమ బంట్రోతు వచ్చి, కొండకు ముఖం ఎటువైపో తేలక రోజల్లా చుట్టూ తిరిగాడు. అందినట్టు వేలిముద్ర కావాలన్నాడు. మా అత్తగారు అతని బొటనవేలినే పట్టుకుని తడిమట్టిలో అద్ది కాగితం మీద ఒత్తించారు. అది తమ ఫైలులో భద్రంగా ఉంది. వేలు తమ బంట్రోతుదే గాని మట్టి మాది.

3. విచారణ నాడు తమ హాలులో ముందు వరసలో కంపెనీ మేనేజరు గారు, వెనక బల్ల మీద మావాళ్లు, తలుపు దగ్గర నేను. బంట్రోతు గుమ్మంలోకి వెళ్లి "కొండా!" అని కేక పెట్టాడు. మేనేజరు గారు నవ్వారు. రెండోసారి కేక పెట్టాడు. తమరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా అత్తగారు లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్లీ కూలబడ్డారు. మూడో పిలుపుకు పలక్కపోతే గైర్హాజరు రాసి ఫైలు కట్టేస్తారని నాకు తెలుసు. ఎందరి బతుకులు అలా కట్టడం చూశానో.

మూడో కేక పడింది. "హాజరండీ" అని వినపడింది. అన్నదెవరా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"నువ్వు కొండవా?" అని తమరు అడిగారు.

కొండ తరఫున వచ్చానని చెప్పాలనే నా ఉద్దేశం. కాని తమరేమడిగినా ఒకటే జవాబు చెప్పడం అలవాటైన నోరు నాది.

"అవునండీ" అన్నాను.

తమ గుమాస్తా గారు తలెత్తకుండా అదే రాసుకున్నారు. కొండ హాజరు. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పైభాగం బోడి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. కింద తమ సంతకం, ముద్ర. గైర్హాజరు తప్పింది కదా అని ఆ పూట గుండెల మీద చెయ్యి వేసుకుని ఇంటికి వెళ్లాను.

4. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. తరువాత వచ్చిన ఉత్తర్వు యథాతథంగా: "హాజరైన సదరు కొండ, తన ఆస్తుల గురించి ఎట్టి వాంగ్మూలమూ ఇవ్వనందున, సదరు కొండను నెలాఖరులోగా పేల్చి నేలమట్టం చేయుటకు కంపెనీకి అనుమతి ఇవ్వడమైనది."

సదరు కొండ అనగా నేను. రికార్డు అలాగే ఉంది. వాంగ్మూలం ఎవరూ అడగలేదని మనవి చేస్తే వినే నాథుడు లేడు. మా ఆవిడ "పేల్చేది పొద్దున్నా, సాయంత్రమా? మీకు వంట చెయ్యాలా, వద్దా?" అని అడుగుతోంది. మంగలి నా తల చూసి, పైన చెట్లు ఎప్పుడో కొట్టేశారు గదా, ఇక మిగిలింది రాయే అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. ఇక్కడ ఆ కొండా నేనే, ఆ ఎలుకా నేనే. నవ్వండి, పరవాలేదు. పేలుడు మందు పెట్టెలు మాత్రం పైకి చేరిపోయాయి. అవి పేలేది నా మీద కాదని నాకూ తెలుసు.

5. ఈలోగా మా అత్తగారు చాప చుట్టుకుని, మరచెంబుతో సహా కొండమీద కంపెనీవారు వేసిన రేకుల గదిలోకి మారిపోయారు. కొండ నీదైతే కొండ సొత్తయిన మేమూ నీవాళ్లమే కదా బాబూ, మరి మా సంగతి చూడు అని మేనేజరు గారి బల్ల ఎదుట కూర్చున్నారు. ఇన్నాళ్లూ కొండ నీళ్లిచ్చింది, కట్టెలిచ్చింది, ఎండకు నీడిచ్చింది, మోకాలికి ఆకు పసరిచ్చింది. ఇక అవన్నీ నువ్వే ఇవ్వాలన్నారు. రేపు ఊరంతా చాపలతో వస్తున్నారని కూడా చెప్పారు. మేనేజరు గారు ఒప్పందం కాగితం తీసి చూపించారు. మా ఒప్పందంలో రాయి ఒక్కటే ఉందమ్మా అన్నారు.

"మరి మా ఆయన?" అని అడిగారు అత్తగారు.

"ఆయన ఎక్కడున్నారు?"

"నువ్వు కుర్చీ వేసుకున్నావే, దాని కింద."

మేనేజరు గారు దిగ్గున లేచి నిలబడ్డారు. నాటి నుంచి నిలబడే పని చేస్తున్నారని తెలియవచ్చింది.

మా మామగారే కాదు. అత్తగారి అమ్మా నాన్నా, వాళ్ల పెద్దలూ ఆ నేలలోనే ఉన్నారు. ఏ గుట్ట కింద ఎవరున్నారో అక్కడ పసిపిల్లలు కూడా చెబుతారు. మా మొదటి బిడ్డ అక్కడే ఉంది, ఊట పక్కన. నేనే నా చేతులతో పెట్టాను. దాని మాట ఇంతవరకు ఏ కాగితం మీదా రాయలేదు, ఇక్కడా రాయాలని కూర్చోలేదు. నాకు ఏడుపొస్తోంది. పై నాలుగు వాక్యాలు కొట్టివేసినట్లు భావించవలెను.

వద్దు, ఉండనివ్వండి.

6. ఇప్పుడు అటు అత్తగారు, ఇటు తమరు, నడుమ నేను అడకత్తెరలో పోకచెక్క. అయినా అర్జీలు రాసి రాసి నేర్చుకున్న ఒక్క ముక్క మనవి చేసుకుంటాను. నేను కొండనా, కాదా అన్నది తమరే తేల్చాలి.

కాదంటారా, అసలు కొండ విచారణకు ఇంకా రాలేదన్నమాట. అది నడవలేదు. కాబట్టి తమరే బల్ల, కుర్చీ, గుమాస్తాతో సహా కొండమీదికి వచ్చి, అక్కడివాళ్లందరినీ కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది చివరి మాట వరకూ రాసుకోవాలి. అందాకా రాయి కదలకూడదు.

అవునంటారా, సరే. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారని ఊరుకున్నాను గాని, ఇక ఊరుకోను. కొండగా వాంగ్మూలం ఇస్తున్నాను, రాసుకోండి. ఈ మనుషులు నావాళ్లు. బతికున్నవాళ్లూ నావాళ్లే, పోయినవాళ్లూ నావాళ్లే. నేను వీళ్లను ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. వీళ్లను అడక్కుండా, వీళ్లు సరేననకుండా నామీద ఎవరూ చెయ్యి వేయకూడదు. నాకు యజమాని లేడు గాని నేను ఖాళీగా లేను.

ఇది నా పూర్తి వాంగ్మూలం. చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

కావున తమరు దయతో, వీలైతే భోజనానికి ముందే, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మెట్ల కింద అర్జీలు రాసేవాడు (రికార్డు ప్రకారం కొండ)

తా.క.: ఈ అర్జీకి సాక్షిగా మా అత్తగారి వేలిముద్ర వేయించాను. మొదలంటా చదివించుకున్నారు. బిడ్డ గురించి రాసినచోట మళ్లీ చదవమన్నారు. తమరు పైకి వచ్చేటప్పుడు గట్టి చెప్పులు వేసుకోమన్నారు, దారి రాళ్లదారి. నీళ్లు తెచ్చుకోనక్కర్లేదు, ఊట ఉంది. సర్వేయరును కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు, అతను సగం విని వెళ్లిపోయాడు పాపం.

సాక్షి అన్నాక అర్జీదారుడు తనకు ఏమవుతాడో చెప్పాలి, అది తమ నిబంధన. ఏమని రాయమంటారని అడిగాను. కింది అబ్బాయి అని రాయడానికి కలం కూడా ఎత్తాను. ఆవిడ నా కలం పట్టుకుని ఆపారు.

"మా కొండవాడు అని రాయి" అన్నారు.

సరిగా విన్నానో లేదోనని రెండోసారి అడిగి మరీ రాశాను. తరువాత ఆవిడ నా సంతకం దగ్గర వేలు పెట్టి, ఇదేమిటని అడిగారు. తమ విధేయుడు అని చెప్పాను. కొట్టెయ్యమన్నారు. కొండ ఎవరికీ విధేయంగా ఉన్నట్టు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. కావున సదరు మాట కొట్టివేయడమైనది. తమరు అన్యథా భావించవద్దు.