మోటారు పందేల ముచ్చట

సూర్యాపేట, 1949 వేసవి, బుధవారం

సాయంత్రం హోటల్లో మళ్ళీ దొరల మోటారు పందేల ముచ్చటే. "డ్రైవర్ నర్సింగ్ ఏం తోలేటోడే! కోదాడ నుంచి గీడిదాక కారు నేల మీద ఉండకపోయేది. గసుంటోళ్ళు మళ్ళ పుడ్తరా?" అని హోటలు సాయిలు నిట్టూర్చాడు.

నాకు ఒళ్ళు మండింది. "దొరల మీద దుమ్ము పడొద్దని ఊరోళ్ళతోని వెట్టికి రోడ్డు తడిపించిన్రు. ఆ బురదల నర్సింగ్ కారే జారి, నీళ్ళు సల్లుతున్న ఎంకటిని సంపింది. ఎంకటి పేరు ఒక్కడన్న తలుస్తున్నడా?" అని అరిచాను.

మూలన గిన్నెలు తోముతున్న ఎంకటి భార్య మల్లమ్మ తలెత్తింది. ఆ పందేల మీద పత్రికకు రాయబోయే వ్యాసానికి ఆమె సాక్ష్యం కావాలి నాకు. నా వైపే మాట్లాడుతుందనుకున్నాను.

"ఆయనను పక్కకు గుంజి పండవెట్టిన్రు గాని పందెం ఆపలే, పంతులూ. నర్సింగ్ గెలిచిండని నువ్వే దండేసినవ్. పీనుగ కాడ కూసోని నేను సూసిన."

ఇన్నేళ్ళూ ఆ దండ ఎవరికీ గుర్తులేదనుకున్నాను.

ఇంటికొచ్చి వ్యాసం "దొరలు" అని మొదలుపెట్టాను. కొట్టేసి "నేను" అని రాశాను. తర్వాతి మాట రావడం లేదు...