అక్క వాకిట్లో ఉండగా

బాపూ,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ కోరుట్లలో మనింట్లో ప్రార్థన పెట్టారు.

"గసుంటి క్రైస్తవుడు మల్ల దొరకడు. ఎవరచ్చినా తలుపు తీసిండు," అన్నారు పాస్టరు.

వాకిట్లో నిలబడ్డ అక్క నవ్వింది. "నాకు దప్ప, అయ్యగారూ. మా ఆయన గూడ యేసునే నమ్మిండు. కులం వేరని బాపు నన్ను గడప తొక్కనియ్యలే."

పెళ్లయ్యాక అక్క వచ్చి తలుపు కొట్టిన సాయంత్రం నీకు బైబిల్ చదివి వినిపిస్తున్నాను. పొరుగువాణ్ణి ప్రేమించమనే మాట దగ్గర ఆగాను. "సదువు బిడ్డా, ఆపకు," అన్నావు. కొట్టీ కొట్టీ అక్క వెళ్లిపోయింది.

నీ గురించి మంచిమాట చెప్పి ప్రార్థన ముగించమని నన్నడిగారు. లేచి, అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

"ఇప్పుడు ప్రార్థన మొదలుపెట్టుండ్రి," అన్నాను.