డాలు చుట్టూ గళ్ళ అంచు

ఎడిన్‌బరో, 3 మార్చి 1931

ప్రియమైన అమ్మకు,

వంశ చిహ్నాలుగా డాలు బొమ్మలు మంజూరు చేసే కచేరీకి ఈవేళ వెళ్ళాను. నాన్నకు పెద్దింట్లో పుట్టిన హెక్టర్ కూడా వచ్చాడు. నాన్న పోతూ నన్ను కొడుకని విల్లులో రాశాడు గనక ఆయన డాలు మీద నాకూ హక్కుందట. బొమ్మ గీసి బల్ల మీద పెట్టారు. అడవిపంది తల తెగువకు గుర్తట, కింద మూడు నీలి గీతలు మన ఏరట. చూసి మురిసిపోయాను. డాలు చుట్టూ ఎరుపు తెలుపు గళ్ళ అంచొకటి ఉంది. అదేమిటని అడిగితే గుమాస్తా తల దించుకున్నాడు. హెక్టరే చెప్పాడు.

"పెళ్ళి కాని తల్లికి పుట్టినవాడికి ఆ అంచు వేస్తారు ఈవన్. రూలు. పాలు పితికే మనిషి కొడుక్కి అసలు డాలు రావడమే గొప్ప, ఏమంటావ్?"

బడిలో పిల్లలు నన్ను పిలిచిన మాటకే రంగులు వేసి ఇస్తున్నారు. రేపు నా పిల్లలూ దాన్ని మోయాలి. నువ్వు ఆయన్ని ఒక్కసారైనా ఎందుకు నిలదీయలేదు? నేను సంతకం పెట్టను. నాకా డాలే వద్దు.

నీ కొడుకు,
ఈవన్


9 మార్చి

నాయనా ఈవన్,

ఆ అంచు నీది కాదు. నువ్వు పుట్టకముందే, కమ్మరి టామస్ కొలిమి దగ్గర, అతనూ పెళ్ళామూ చూస్తుండగా మీ నాన్న నా చెయ్యి పట్టుకుని "ఈమె నా భార్య" అన్నాడు. "ఈయన నా భర్త" అని నేనన్నాను. మన దేశంలో పెళ్ళికి అంత చాలు, పాదిరి అక్కర్లేదు. నలుగురం సంతకాలు చేసిన కాగితం దీంతో పంపుతున్నాను.

నీకు రెండేళ్ళప్పుడు ఆయన తండ్రికి లొంగిపోయి పట్నంలో ఇంకో పిల్లను చేసుకుని తీసుకొచ్చాడు. కాగితం పట్టుకుని, నిన్ను ఎత్తుకుని పెద్దింటికి వెళ్ళాను. ఆ పిల్లే తలుపు తీసింది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో, నిండు నెలలు.

"చలిలో నిలబడ్డావేం అక్కా, లోపలికి రా" అంది.

రేపటినుంచి పాలు ఎన్ని పంపమంటారని అడిగి వచ్చేశాను. నోరు విప్పితే ఆమె పెళ్ళి పెళ్ళే కాదు. ఆమె నాకేం చేసింది?

ఆ కాగితం చూపిస్తే పెద్దకొడుకువి నువ్వే. అంచు లేని డాలూ, ఇల్లూ నీవే. నీ ఇష్టం.

మీ అమ్మ,
మొరాగ్


20 మార్చి

అమ్మా,

కాగితం జేబులో పెట్టుకుని పెద్దింటికి వెళ్ళాను. హెక్టర్ లేడు. వాళ్ళమ్మ ఉంది. ఆమెకిప్పుడు చూపు ఆనడం లేదు. నా గొంతు పోల్చుకుని చెయ్యి పట్టుకుంది.

"మొరాగ్ కులాసాయేనా? నేనిక్కడికి వచ్చిన కొత్తలో నన్ను మనిషిలా చూసింది మీ అమ్మ ఒక్కతే" అంది.

టీ తాగి, మన ఇంటికి రాకుండానే వచ్చేశాను. మర్నాడు, ఆ అంచుతోనే డాలు తీసుకుంటానని సంతకం పెట్టాను. కాగితం పొయ్యిలో వేశాను.

దీన్ని నిన్ను క్షమించడం అనుకోకు. గుమ్మంలో నీ ఎదురుగా ఆమె కడుపులో ఒక బిడ్డ ఉన్నాడు, నీ చంకలో ఒక బిడ్డ ఉన్నాడు. నువ్వు ఆమె బిడ్డ మీద జాలిపడ్డావు.

ఈస్టర్‌కి రాను. ఆ తర్వాత సంగతి నాకూ తెలియదు.

ఈవన్