పదకొండు బొటనవేళ్లు

జూన్ 14, శనివారం. కరీంనగర్ నుంచి తిరుగు బస్సులో

సంతోషం ఇంకా తగ్గలేదు. కాలేజీ ఆడిటోరియంలో రెండు వందల మంది. టెక్ కమ్యూనిటీ వాళ్లు నడిపే సభ. ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్ల గురించి ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తారు. ఒక మెమెంటో, ఒక పులిహోర పొట్లం, బోలెడన్ని సెల్ఫీలు. ఇది నా ఐదో టాక్. పేరు అదే: "గోదావరిఖనిలో కాగితం లేని షిఫ్టు."

కథ కూడా అదే. బొగ్గు బెల్టుల దగ్గర పనిచేసే మా కాంట్రాక్టరు గ్యాంగుకు యాప్‌లో గ్రూపు పెట్టాను. షిఫ్టు మెసేజ్‌లన్నీ అందులోనే. కింద బొటనవేలి గుర్తు నొక్కితే చదివాను, సరే అని లెక్క. ఎంతమంది నొక్కారో డాష్‌బోర్డ్ చెప్తుంది. అందరూ నొక్కితే పచ్చ, లేకపోతే ఎరుపు.

ఏడో స్లైడ్‌కు ఎప్పటిలాగే చప్పట్లు. మే 9 నాటి స్క్రీన్‌షాట్. "మూడో బెల్ట్ జాలీ బిగింపు వాయిదా. బెల్ట్ యథావిధిగా నడుస్తుంది." దాని కింద నాలుగు నిమిషాల్లో పదకొండు బొటనవేళ్లు. గ్యాంగులో ఉన్నదే పదకొండు మంది. హండ్రెడ్ పర్సెంట్! తర్వాత జోక్. కొన్ని మెసేజ్‌లకు వీళ్లు గుర్తు నొక్కరు, రెండు బొటనవేళ్లు టైపు చేసి పంపుతారు, డాష్‌బోర్డ్ దాన్ని లెక్కపెట్టదు. మా కాకలకు ప్రేమ ఎక్కువండీ, ఒక వేలు చాలదు అన్నాను. హాలంతా గొల్లుమంది.

స్టేజీ మీద నేను వేరే మనిషిని. ఆ మనిషే నాకు ఇష్టం.

జూన్ 16, సోమవారం

జైపాల్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో పెద్ద కమ్యూనిటీ కాన్ఫరెన్సు నడిపేది అతనే. జూలై 19, మెయిన్ హాలు, నలభై నిమిషాలు నాకే. ఆ తర్వాత తన కంపెనీలో ఒక పోస్టు ఉందనీ, ఇలాంటి గ్రౌండ్ స్టోరీ ఉన్న మనిషి కోసమే చూస్తున్నామనీ అన్నాడు.

తొమ్మిదేళ్లయింది ఈ కాంట్రాక్టరు ఆఫీసులో. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఏడాదికోసారి నన్ను పనిలోంచి తీసేసినట్టు తీసి మళ్లీ పెట్టుకుంటారు. మేనేజర్ రఘుపతి సార్‌కు నా పేరు సంధ్యారాణి అని ఇప్పటికీ గుర్తుండదు, "కంప్యూటర్ పిల్లను పిలువున్రి" అంటాడు. ముప్పై మూడేళ్ల పిల్లను.

దేవుడా, ఈ ఒక్కటి కానీ.

జూన్ 25, బుధవారం

పొద్దున తొమ్మిదిన్నరకు బిక్షం అన్న కుడిచెయ్యి మూడో బెల్ట్ డ్రమ్ములో పడింది. చెయ్యి పడకుండా అడ్డం ఉండాల్సిన ఇనుప జాలీ అక్కడ లేదు.

కేక ఆఫీసు దాకా వినిపించింది.

జూన్ 27, శుక్రవారం

రఘుపతి సార్ పిలిచి రిపోర్టు అడిగాడు. ప్రమాదానికి రెండు రోజుల ముందు, 23న పెట్టిన మెసేజ్. జాలీ మూడోసారి వాయిదా. పదకొండు బొటనవేళ్లు, బిక్షం అన్నది కూడా. రెండు నిమిషాల్లో పీడీఎఫ్ తీసి ఇచ్చాను. శభాష్ అన్నాడు.

గ్యాంగుకు ముందే తెలుసు, అందరూ ఒప్పుకున్నారు, కాబట్టి తప్పు బిక్షందే అని ఫైల్లో రాస్తాడట. ఎంక్వయిరీలో అదే తేలితే బిక్షం అన్న పని పోతుంది. నలిగిన చేతితో ఇంకే గేటు దగ్గర తీసుకుంటారు?

నేను నా పని చేశాను. అంతే కదా.

జూలై 2, బుధవారం

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

సాయంత్రం టాక్ ప్రాక్టీసు చేస్తూ బాపును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పాపం, అరగంట ఓపిగ్గా విన్నాడు. ఏడో స్లైడ్ రాగానే కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చి, "గింతమంది ఆపుమంటుంటె బెల్టు నడిపెటోడు ఎవడే?" అన్నాడు.

నవ్వాను. ఆపు కాదు బాపూ, ఓకే అని అర్థం అన్నాను.

"ఓకే ఎట్లయితదే? ఒక్క గంట కొడ్తె ఆపు. రెండు కొడ్తె నడుపు. బాయిల పనిజేసినోన్ని ఎవన్నన్న అడుగు" అన్నాడు. ఇది గంట కాదు, ఫోన్లో బొటనవేలు అన్నాను. "సదానందం గ్యాంగే గద అది? ఆల్లంత నాతోని బాయిల గంట మీద బతికినోల్లే. ఆల్లకు ఏది కొట్టినా గంటనే బిడ్డా" అన్నాడు.

బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో తాడుతో బొగ్గు నింపిన టబ్బులు లాగే ఇంజన్ నడిపాడు. కింద చీకట్లో ఎవరో కొట్టిన గంటను నమ్మి ముప్పై ఏళ్లు. నేను ఒక్కరోజు కూడా ఆ గంట సంగతి అడగలేదు. రెండు వందల మందికి పాఠాలు చెప్పే నా మొహం!

లాప్‌టాప్ లాక్కుని ఏడాది మెసేజ్‌లన్నీ చూశాను. తాగునీళ్ల ట్యాంకర్ పదింటికి వస్తుంది: అందరూ రెండేసి వేళ్లు. ఆదివారం ఓటీ ఉంది: రెండేసి. డాష్‌బోర్డ్‌లో అవి ఎరుపు, "ట్రైనింగ్ అవసరం" అని నేనే రాసుకున్నాను. కొత్త హెల్మెట్లు వచ్చే నెల: ఒక్కొక్కటి. జాలీ వాయిదా: ఒక్కొక్కటి. మళ్లీ వాయిదా: ఒక్కొక్కటి. మళ్లీ.

పచ్చగా ఉన్నవన్నీ ఆపుమన్నవి. ఎర్రగా ఉన్నవన్నీ సరేనన్నవి. స్లైడు కోసం నేను వెతికి వెతికి అన్నిటికన్నా పచ్చనిది తీసుకున్నాను.

జూలై 3, గురువారం

గేటు దగ్గర సదానందం కాకను పట్టుకున్నాను. గ్యాంగు మేస్త్రీ ఆయనే. బాపు చెప్పింది నిజమేనా అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు లింగమూర్తి బిడ్డవు, నీకు తెల్వదా?" అన్నాడు.

నెలలుగా ఆపుమని కొడుతూనే ఉన్నారట. పైనోళ్లు విని కూడా విననట్టు ఉంటున్నారు అనుకున్నారట. "గది మాకు కొత్తనా?" అన్నాడు. మరి రెండు వేళ్లు వద్దు, ఒక్కటి చాలు అని నేను వచ్చి చెప్పాను కదా అంటే, "చెప్పినవ్ బిడ్డా. ఒప్పుకున్నకాడ ఒక్కటెట్ల కొడ్తం? పని ఆగిపోదా?" అన్నాడు. మాటల్లో రాయొచ్చు కదా కాకా అన్నాను. నిరుడు ఒకడు రాశాడట. లీడరువా అని పిలిపించి మరునాడే గేటు పాసు ఆపారట. అందరూ కలిసి వేలు నొక్కితే ఒక్కడి మీద పడదు.

పోయేముందు ఆగి, "సరే, మరి ఆపుమంటానికి ఏది కొట్టాలె? గదన్న చెప్పు" అన్నాడు.

గజిబిజి ఎందుకని మిగతా గుర్తులన్నీ మొదటి రోజే తీసేసింది నేనే. నా సాఫ్ట్‌వేర్‌లో ఆపు లేదు.

జూలై 5, శనివారం

ఏడో స్లైడ్ డిలీట్ చేశాను. మళ్లీ అన్‌డూ కొట్టాను.

జూలై 8, మంగళవారం

కరీంనగర్ దవాఖానకు వెళ్లాను. బిక్షం అన్నకు మణికట్టు దాకా తీసేశారు. ఎడమచేత్తో నాకు కుర్చీ జరపబోయాడు. ఏడుపు ఆగలేదు.

"నువ్వేం జేసినవ్ చెల్లె, నువ్వు మెసేజ్ పెట్టినవ్ అంతే" అని ఆయనే నన్ను ఓదార్చాడు. తిట్టినా బాగుండేది. తర్వాత మెల్లగా అడిగాడు. ఎంక్వయిరీల ఒక్క మాట చెప్పు, మేం ఆపుమన్నమని చెప్పు, నీ మాటైతె ఆల్లు ఇంటరు అన్నాడు.

చెప్తానన్నాను. ఆయన భార్య సంతోషి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

జూలై 11, శుక్రవారం

రఘుపతి సార్‌కు చెప్పాను. అరిస్తాడనుకున్నాను. అరవలేదు. ఫోన్ తీసి కరీంనగర్ టాక్ వీడియో పెట్టాడు. నా గొంతే. హండ్రెడ్ పర్సెంట్ అక్నాలెడ్జ్‌మెంట్ అంటూ.

ఐదు ఊర్లలో మైకు పట్టుకుని వేలు నొక్కితే సరే అన్నట్టే అని చెప్పింది నువ్వే కదమ్మా, అప్పుడు అబద్ధం చెప్పినవా ఇప్పుడు చెప్తున్నవా అన్నాడు. రాసియ్యి, ఎంక్వయిరీ ఆఫీసరుకు పంపుత, నీ హైదరాబాద్ దోస్తుకు కూడ ఒక కాపీ పంపుత అన్నాడు. చాయ్ కూడా తెప్పించాడు.

తాగాను. సిగ్గులేదు నాకు.

జూలై 15, మంగళవారం

ఎంక్వయిరీ. మా హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆఫీసర్ ఒక్క ప్రశ్న అడిగాడు. సిస్టమ్ ప్రకారం ఈ గుర్తు నొక్కితే అక్నాలెడ్జ్ చేసినట్టేనా?

సిస్టమ్ ప్రకారం అవును సార్, కానీ... అన్నాను.

అడిగినదానికే చెప్పమన్నాడు. "అవును" అని రాసుకుని కాగితం నా ముందుకు తోశాడు. మూలన రఘుపతి సార్ తన ఫోన్ చూసుకుంటున్నాడు. నాలుగు రోజుల్లో హైదరాబాద్. "కానీ" తర్వాతి మాట అక్కడే వదిలేశాను. సంతకం పెట్టాను.

బయట సంతోషి నిలబడి ఉంది. వెనక గేటు నుంచి వచ్చేశాను. దొంగలాగా.

జూలై 19, శనివారం. హైదరాబాద్

చెప్పేశాను. అంతా చెప్పేశాను.

ఏడో స్లైడ్ దగ్గర ఆగి, ఇది నేను ఐదుసార్లు మీలాంటి వాళ్లకు గొప్పగా చూపించిన స్లైడ్, దీన్ని తప్పుగా చదివాను అన్నాను. ఒక గంట, రెండు గంటలు, పచ్చ, ఎరుపు, బిక్షం అన్న చెయ్యి. ఎనిమిది వందల మంది ఊపిరి బిగబట్టి విన్నారు. అయిపోయాక లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. ముందు వరుసలో ఒకామె కళ్లు తుడుచుకుంది.

పోయింది ఉద్యోగం, పోతే పోనీ అనుకుంటూ దిగాను. జైపాల్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏం స్టోరీ టెల్లింగ్, ఫెయిల్యూర్ టాక్‌లే ఇప్పుడు జనానికి కావాలి, దీన్ని బెంగళూరు, పుణె, కొచ్చి తిప్పుదాం అన్నాడు. ఆఫర్ లెటర్ సోమవారమే పంపుతాడట. చెయ్యి ఫోటో ఒకటి దొరుకుతుందా, ఇంపాక్ట్ ఉంటుంది అన్నాడు.

ఇక్కడ చెప్పడానికి నాకు ఏమీ ఖర్చు కాలేదు. చెప్పాల్సిన చోట సంతకం పెట్టి వచ్చాను.

జూలై 22, మంగళవారం

బాపు యూట్యూబ్‌లో చూశాడు. చివరిదాకా చూసి, మంచిగ మాట్లాడినవ్ అన్నాడు. తర్వాత, "గంట బాయిల కొట్టాలె గని, గుట్టెక్కి కొడ్తె ఎవడు ఆపుతడే?" అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు.

పదకొండింటికి ఎంక్వయిరీ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. నా సంతకం తప్పు, నా "అవును" తప్పు, వాళ్లు ఆపమన్నారు, సాక్ష్యానికి ఏడాది మెసేజ్‌లన్నీ జతచేశాను, ఎప్పుడు పిలిచినా వస్తాను. ఈసారి "కానీ" లేదు.

మధ్యాహ్నం జవాబొచ్చింది. మాట లేదు. నా మెయిల్ కింద ఒక బొటనవేలు. దాన్ని ఎట్లా చదవాలో నాకు తెలియదు.

జూలై 24, గురువారం

జైపాల్ ఆఫర్ వచ్చింది. పోస్టు పేరు "కస్టమర్ స్టోరీస్ లీడ్". నెలకో ఊరు. అంటే నెలకోసారి బిక్షం అన్న చెయ్యి మళ్లీ బెల్టులో పెట్టాలి. ఒప్పుకుంటున్నాను అని నొక్కడానికి ఒక బటన్ ఉంది. వద్దనడానికి ఇంకో బటన్ లేదు.

జూలై 28, సోమవారం. మధ్యాహ్నం 2:10

రఘుపతి సార్ గ్రూపులో పెట్టాడు. "ఎంక్వయిరీ ముగిసింది. బిక్షంను విధుల నుంచి తొలగించడమైనది. చదివినవారు అక్నాలెడ్జ్ చేయగలరు."

బిక్షం అన్న పేరు గ్రూపులోంచి తీసేశారు. మిగిలింది పది మంది. ముందు సదానందం కాక. ఒక బొటనవేలు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. ఎవరూ రెండు పెట్టలేదు. నాలుగు నిమిషాల్లో పది.

ఈ గ్రూపు పెట్టినప్పటి నుంచి నేను ఎప్పుడూ నొక్కలేదు. ఇవాళ నొక్కాను. ఒక్కసారి.

డాష్‌బోర్డ్ అప్పటికే పచ్చగా ఉంది. హండ్రెడ్ పర్సెంట్. సార్ తన గదిలోంచే శభాష్ అన్నాడు.