అగ్గిపుల్ల గీసే చేయి

మొఘల్‌పురా

తమ్ముడు జగదీశ్వర్‌కు,

ప్రభువు కృప నీ ఇంటిమీద నిలుచుగాక. నువ్వు జల్‌పల్లికి మారినప్పటి నుంచి, ఆదివారం ప్రసంగం పోను మిగతా రోజుల్లో రాగి పైపులు ఒక్కడినే అతుకుతున్నాను. పైపులు కాల్చి అతికే మన పాత గ్యాస్ టార్చ్ పాడైంది. నిన్న కొత్తది కొనబోతే దుకాణం ఖాజా భాయ్, "గీ బటన్ నొక్కితే మంటొస్తది, పాస్టర్ సాబ్! పక్కన ఇంకో మనిషితోని పనే లేదు" అన్నాడు.

"మనిషి ఒక్కడుండుడు మంచిది కాదని దేవుడే అన్నడు, నువ్వేంది భాయ్!" అని గర్జించాను. బజారంతా తిరిగి చూసింది. నీలాగా ఆమేన్ అనేవాడే లేడు.

చివరికి అగ్గిపుల్లతో వెలిగించే పాతరకమే కొన్నాను. ఒక చేత్తో టార్చ్ పట్టుకుని, ఇంకో చేత్తో గ్యాస్ తిప్పితే, పుల్ల గీయడానికి నాకు మూడో చేయి లేదు. సోమవారం హుస్సేనీ ఆలంలో పని ఉంది. అగ్గిపెట్టె నా జేబులోనే ఉంటుంది, నువ్వు వస్తే చాలు.

ప్రభువునందు నీ అన్న