రాజుగారికి నయమైతే

జూన్ 9

రాజుగారు ఇవాళ రాణిగారిని గుర్తుపట్టలేదు. ఎవరీ ఆడమనిషి, నా వెంట ఎందుకు పడుతోంది, పంపించెయ్యండి అన్నారు. గోడ మీది రాజముద్ర తనది కాదని గోళ్ళతో గీకారు. వేళ్ళు రక్తం కారాయి. నేను రాణిగారి పరిచారికల్లో ఆఖరిదాన్ని, గుమ్మం దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి మాత్రం "రా ఒర్సీనా, కూర్చో" అన్నారు.

గదిలో అందరూ నావైపు తిరిగారు. ఆ చూపులు నాకు నచ్చలేదు.

జూన్ 10

నా చేత్తో పెడితేనే తిన్నారు. అదీ వాళ్ళకి నచ్చలేదు.

జూన్ 17

రాజుగారి భోజనం ముందుగా రుచి చూసే ఆంగెరాన్ నన్ను వదలడం లేదు. రాజుగారి పళ్ళేనికి ముట్టించే ఒంటికొమ్ము గుర్రం కొమ్ముని ఇవాళ నా వేళ్ళకి ముట్టించాడు. విషం తగిలితే కొమ్ముకి చెమట పడుతుందట. వంటగది పక్కన, ఈ ఎండల్లో, చెమట పట్టనిదేది? మీ లొంబార్డీలో పసిపిల్లలకి కూడా విషం కలపడం నేర్పుతారటగా అన్నాడు. నేర్పి ఉంటే మొదటి ముద్ద నీకే పెట్టేదాన్ని అన్నాను.

అనకుండా ఉండాల్సింది. వాడు నవ్వలేదు.

జూన్ 20

నా పరుపు ఎవరో కోసి మళ్ళీ కుట్టారు. చేతబడి చేసే మైనం బొమ్మ కోసం వెతికి ఉంటారు. ఇంత వంకర కుట్టు నాది కాదు. బొమ్మ దొరకలేదు కాబట్టి ఇంకెక్కడో దాచాననుకుంటారు. నేనేం తక్కువ తినలేదు, వాళ్ళే ఏదైనా పెట్టి పోయారేమోనని మంచం కింద తడిమి చూసుకున్నాను.

జూన్ 24, సెయింట్ జాన్ పండుగ

వైద్యుడు మాస్టర్ గోబెర్ పిలిపించాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు అందుకే భయమేసింది.

నన్ను మఠానికి పంపుతారట. నేను దూరమయ్యాక రాజుగారికి నయమైతే, ఇదంతా నా మంత్రమేనని తేలినట్టు. అప్పుడు నన్ను కాల్చడమే. నయం కాకపోతే నేను నిర్దోషిని. ఈ జబ్బు ఇదివరకు రెండుసార్లు వచ్చి దానంతటదే పోయింది, అప్పటికి నేనీ దేశంలోనే లేను అన్నాను. లొంబార్డీ నుంచే చేసి ఉండవచ్చు అన్నాడు.

మీరూ నమ్ముతున్నారా అని, అక్కడే కూర్చున్న రాణిగారిని అడిగాను.

"నన్ను గుర్తుపట్టని మనిషి నిన్నెలా గుర్తుపట్టాడే?" అంది.

నాకు మాత్రం ఏం తెలుసు? ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. కోపం రాలేదు, జాలేసింది.

జులై 2, మఠం

నా గిన్నె విడిగా కడుగుతున్నారు. రాజుగారికి ఎలా ఉందని అడిగితే, ఎందుకు అడుగుతోంది అంటారు. అడక్కపోతే రాతి గుండె అంటారు. అడగలేదు.

జులై 5

దేశమంతా రాజుగారి కోసం ప్రార్థనలు. ఇక్కడా చేశారు. మోకాళ్ళ మీద కూర్చున్నాక తట్టింది. ఆయనకి నయం చెయ్యమని అడిగితే నన్ను కాల్చమని అడిగినట్టే. వద్దని అడిగితే వాళ్ళన్న మాటే నిజం, నేను మంత్రగత్తెనే. ఊరికే పెదవులు కదిపాను. పక్క సిస్టర్ నా పెదవులనే చూస్తోంది.

జులై 11

ఇవాళ ప్రార్థనలో, రక్తం కారిన ఆయన వేళ్ళు గుర్తొచ్చాయి. నయం చెయ్యమని అడిగేశాను.

జులై 19

పొద్దున్నుంచి గంటలు మోగుతున్నాయి. రాజుగారు రాణిగారిని పేరు పెట్టి పిలిచారట. భోజనాల గదిలో చెప్పారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాను.

ఇంకెవరూ కొట్టలేదు.